జంబయ్య బండి వెనక సీటు

నెమలికొండ అడవిలో జంతువులు కాళ్ళ నడక మానేసి కార్లెక్కి చాలా కాలమైంది. కొండమీద ఒక పెట్రోలు బంకు, దాని పక్కన కొండముచ్చు గవరయ్య టీ కొట్టు, అక్కణ్ణుంచి పదకొండు మలుపులు తిరుగుతూ కిందికి ఘాట్ రోడ్డు, రోడ్డు చివర సంత, సంత పక్కన ఇంకో చిన్న బంకు. వాళ్ళ లోకమంతా ఇంతే. ఈమధ్య అందరికీ హైబ్రిడ్ కార్ల పిచ్చి పట్టుకుంది. పెట్రోలు ఇంజనూ ఉంటుంది, బ్యాటరీతో తిరిగే మోటారూ ఉంటుంది, ఒకదానికొకటి సాయం చేసుకుంటూ నడుస్తాయి కాబట్టి పెట్రోలు తక్కువ తాగుతుందని పేరు. ఆదివారం పొద్దున్నే బళ్ళు వరసగా నిలిపి, టీ గ్లాసులు పట్టుకుని, లీటరుకు నాది ఇన్ని కిలోమీటర్లిస్తుందంటే నాది అన్నిస్తుందని కోతలు కోసుకోవడం అక్కడి ఆచారం. మొదటి టీకి ఇరవై ఇచ్చే బండి రెండో టీకి పాతిక ఇచ్చేది.

ఈ కోతల్లో నోరు మెదపనివాడు కోటప్ప అనే ఎద్దు. ఆరేళ్ళు చెరకు గానుగ తిప్పి కొనుక్కున్నాడు తన తెల్ల సెడాన్. అది తన షోకు కోసం కాదు. తల్లి పుల్లమ్మకు నడుం నొప్పి. ప్రతి మంగళవారం ఘాట్ దిగి, తాబేలు వైద్యుడి దగ్గర పసరు కట్టు వేయించుకుని రావాలి. బండి వచ్చిన తొలి మంగళవారం ఆ ముసలి ఆవు వెనక సీట్లో కునుకు తీసి, "సంత వచ్చేసిందా నాయనా?" అని అడిగినప్పుడు కోటప్పకు కళ్ళు చెమర్చాయి. ఆరేళ్ళ గానుగ చాకిరీకి ఆ ఒక్క మాట చాలనుకున్నాడు.

అయితే పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ ఆదివారం కోటప్ప బండి పక్కనే తన ఎర్ర సెడాన్ తెచ్చి ఆపాడు జంబయ్య. జంబయ్య నక్క. అంతకంటే అతని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

"బావా, నీది ఎంతిస్తోంది?" అన్నాడు జంబయ్య, మీసం దువ్వుకుంటూ.

"ఇరవై రెండు."

"ఇరవై రెండా!" జంబయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "నాది ముప్పై ఒకటి. ఏమోయ్ గవరయ్యా, నువ్వే చూశావుగా?"

"చూశాను బాబూ. నా కళ్ళతో చూశాను," అన్నాడు గవరయ్య టీ తిరగబోస్తూ. "పైన రెండు లీటర్లు కొట్టించుకుని కిందికెళ్ళాడు. సంతలో చూస్తే ముల్లు కదల్లేదు."

ముల్లు కదలదు మరి. ఘాట్ దిగేటప్పుడు ఏ బండి పెట్రోలు తాగుతుంది? కోటప్ప ఎక్కడం దిగడం రెండూ కలిపి లెక్క కట్టేవాడు, జంబయ్య దిగడమే కట్టేవాడు. ఎక్కడానికి కావలసింది కింది బంకులో పోయించుకుని, ఆ సంగతి తోకకింద దాచుకునేవాడు. ఇంకో రహస్యం కూడా ఉంది. ఎర్ర బండి బ్యాటరీ ప్రాణం మీదికొచ్చింది. కొత్తది వెయ్యాలంటే బండి ధరలో సగం అవుతుందని మెకానిక్కు పందికొక్కు తేల్చి చెప్పింది. అందుకే ఆ తెల్ల బండి మీద కన్నేశాడు మన జంబయ్య. ఇవేవీ కోటప్పకు తెలియవు.

"ఒకసారి కూర్చుని చూడు బావా, మొహమాటం దేనికి?" అంటూ ముందు తలుపు తీశాడు జంబయ్య.

కోటప్ప కూర్చున్నాడు. సీటు దూదిపరుపులా దిగబడింది. ఎదురుగా అద్దమంత తెర, అందులో బొమ్మలు. చల్లగాలి నేరుగా గంగడోలు మీదికి కొట్టింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. కదలకుండా నిలబడ్డ బండిలో కూర్చుని సుఖం కొలుస్తున్నానన్న ఆలోచనే రాలేదు, పాపం.

"అత్త నడుముకు ఇలాంటి బండి కావాలి బావా," అన్నాడు జంబయ్య గొంతు తగ్గించి. "నీ సీట్లు చెక్కబల్లలు. నా ప్రాణం పోయినా పరవాలేదు, పెద్దావిడ సుఖపడాలి. బండికి బండి మార్చుకుందాం. పైన నువ్వు నాకేమీ ఇవ్వక్కర్లేదు."

కోటప్పకు ఆ పూట టీ సయించలేదు. అమ్మను చెక్కబల్ల మీద కూర్చోబెట్టి తిప్పుతున్నానా అన్న దిగులు పట్టుకుంది. ఇంటికెళ్ళి తల్లితో అదే అన్నాడు.

పుల్లమ్మ నెమరు ఆపింది. "నాకు బాగానే ఉంది కదరా."

"బాగుండేదేంటో మనకు తెలిస్తే కదమ్మా! అతనిది ముప్పై ఒకటిస్తుంది. సీటు దూది."

"నక్క దూది," అంది పుల్లమ్మ. "సరే, నీ ముచ్చట కాదనను. మార్చుకునే ముందు రెండు బళ్ళూ ఒకసారి ఘాట్ దింపి చూడండి. నేనూ వస్తాను."

ఈ మాట వినగానే జంబయ్య చంకలు గుద్దుకున్నాడు. "అదీ న్యాయం! మజ్జిగ పందెం వేద్దాం బావా. ఎవరి గిన్నె వాళ్ళు అంచుదాకా నింపుకుందాం, వెనక సీట్లో పెట్టుకుని సంతదాకా దిగుదాం. ఎవరి గిన్నెలో ఎక్కువ మిగిలితే వాళ్ళ బండి సుఖమైనది. నాది గెలిస్తే అక్కడికక్కడే తాళాలు మార్చుకోవాలి. మాట మీద నిలబడతావుగా?"

"మా వంశంలో మాట తప్పినవాడు లేడు," అన్నాడు కోటప్ప. తప్పితే బాగుండే సందర్భాలు ఉంటాయని ఆ వంశంలో ఎవరికీ తట్టలేదు.

మంగళవారం ఉదయం రెండు బళ్ళూ బయల్దేరాయి. తెల్ల బండిలో కోటప్ప వెనక మజ్జిగ గిన్నె పట్టుకుని గవరయ్య కూర్చున్నాడు. ఎర్ర బండి వెనక సీట్లో పుల్లమ్మ. "అత్తే సాక్షి, ఇంతకంటే నిజాయితీ ఏముంది?" అంటూ జంబయ్య ఆమె ముందు గిన్నె పెట్టాడు, దుమ్ము పడకుండా అని చెప్పి బాదమాకు కప్పి. తనేమో డ్రైవరు సీట్లో మూడు దిండ్లు వేసుకుని రాజాలా కూర్చున్నాడు. బండి కొన్న నాటినుంచి అతను కూర్చున్న సీటు అదొక్కటే.

మొదటి మలుపులో పుల్లమ్మ కొమ్ములు పైకప్పుకు తగిలాయి. మూడో మలుపులో పళ్ళు టకటకలాడాయి. ఆరో మలుపు దగ్గర గుంటలో పడ్డప్పుడు, పసరు కట్టు ఊడి మెడలోకి వచ్చింది.

"ఎలా ఉందత్తా?" అని అడిగాడు జంబయ్య వెనక్కి తిరక్కుండానే.

పుల్లమ్మ పళ్ళ బిగువున, "నడుపు నాయనా, రోడ్డు చూసి నడుపు," అంది.

సంత దగ్గర బళ్ళు ఆగాయి. గవరయ్య గిన్నె దించాడు. రెండు వేళ్ళ మేర మజ్జిగ తగ్గింది, అతని లుంగీ కాస్త తడిసింది. జంబయ్య తన గిన్నె మీది ఆకు తీసి అందరికీ తిప్పి చూపించాడు. చుక్క తొణకలేదు. అంచు దాకా తెల్లగా నిండి ఉంది.

"చూశారా జనులారా! దీన్నంటారు సుఖమని. ఏదీ బావా, తాళం?"

ఎర్ర బండి మంచిదని తేలితే సంతోషించాల్సింది పోయి, కోటప్పకు ఎందుకో దుఃఖం వచ్చింది. కునుకు తీసి లేచిన తల్లి మొహం కళ్ళ ముందు మెదిలింది. అయినా మాట మాటే కదా అని జేబులో చెయ్యి పెట్టాడు.

"ఆగరా," అంది పుల్లమ్మ, బండిలోంచి ఒక్కొక్క కాలే కిందికి దించుకుంటూ. "అబ్బాయ్ జంబయ్యా, ఆ గిన్నె ఒకసారి ఇటు వంచు."

"వంచితే ఒలుకుతుందత్తా!"

"ఒలకనీ."

జంబయ్య చెవులు వెనక్కి పడ్డాయి. వంచక తప్పలేదు. గిన్నె వంచినా తెల్లటిది గడ్డలా అక్కడే ఉండిపోయింది. దాని పక్కలనుంచి మాత్రం పల్చటి నీరు జారి మట్టిలో పడింది.

"పన్నెండు ఈతలు ఈనినదాన్ని నేను," అంది పుల్లమ్మ. "మజ్జిగేదో గడ్డపెరుగేదో వాసన చూసి చెప్పగలను. పెరుగు తోడుపెట్టి తెచ్చావు. పోనీలే. రాత్రి తోడుకున్న పెరుగు కదలకుండా ఉంటే కత్తితో కోసినట్టుంటుంది. ఇదేమో నిలువునా విరిగి నీళ్ళు వదిలేసింది. మజ్జిగైతే ఒలికిందో లేదో మాత్రమే చెప్పేది నాయనా. నీ పెరుగు దారిలో ప్రతి కుదుపూ లెక్కపెట్టి చెప్పింది."

సంతలో బాతులు పక్కున నవ్వాయి. జంబయ్య బెదిరే రకమా?

"పెరుగు మజ్జిగకు అన్నగారే కదత్తా, తేడా ఏముంది? విరిగిందంటే రోడ్డు అలాంటిది. నీకు కుదుపు అనిపించిందంటే వయసు అలాంటిది. బండినేమీ అనకు. నా బండిలో నొప్పన్న మాటే పుట్టదు."

"ఎద్దు పుండు కాకికి నొప్పా?" అంది పుల్లమ్మ మెల్లగా. "నువ్వన్నట్టే కానీ. తిరిగి పైకి వెళ్ళేటప్పుడు నువ్వు వెనక కూర్చో. మా కోటప్ప నడుపుతాడు. గవరయ్య కొట్టు చేరేదాకా నొప్పని ఒక్క మాట నీ నోట రాకపోతే, తాళం నీదే. నేనే ఇప్పిస్తాను."

జంబయ్యకు నవ్వాగలేదు. కూర్చోవడానికి కూడా పందెమా! ముసలిది మతి తప్పింది అనుకుని, ఒక్క గెంతులో వెనక సీటెక్కి కాలు మీద కాలు వేసుకున్నాడు.

కోటప్ప మూడు దిండ్లూ తీసి పక్కన పెట్టి స్టీరింగు ముందు కూర్చున్నాడు. పెట్రోలు ముల్లు చూసి, అలవాటు ప్రకారం, "పైకెక్కాలి కదా జంబన్నా, కింది బంకులో కాస్త కొట్టిద్దామా?" అన్నాడు.

సంతంతా వింటోంది. జంబయ్య ముల్లు వైపు చూడకుండానే చెయ్యి ఊపాడు. "ముప్పై ఒకటిచ్చే బండికా? నీకు మతి పోయింది బావా. పోనియ్!"

వెనకే తెల్ల బండి నడుపుతూ గవరయ్య, అతని వెనక సీట్లో కొత్త పసరు కట్టుతో పుల్లమ్మ. ఘాట్ ఎక్కడం మొదలైంది.

మొదటి మలుపుకే తెర మీద బ్యాటరీ గీత ఎర్రబడి మాయమైంది. ఇక భారమంతా ఇంజను మీదే పడి అడవి అదిరేలా అరిచింది. రెండో మలుపులో జంబయ్య వేసుకున్న కాలు దానంతట అదే దిగింది. మూడో మలుపులో తల పైకప్పుకు కొట్టుకుంది. నాలుగో మలుపులో తోక సీటు సందులో ఇరుక్కుంది.

"బాగుందా జంబన్నా?" అన్నాడు కోటప్ప. ఎగతాళికి కాదు, అతనికి ఎగతాళి చేతకాదు.

"బ... బ... బాగుంది."

అయిదో మలుపు దాటగానే ఆ గుంట వచ్చింది. బయల్దేరేటప్పుడే తల్లి ఆ గుంట సంగతి చెప్పింది కాబట్టి కోటప్ప నెమ్మదిగానే దించాడు. అయినా వెనక చక్రాలు దభేలుమన్నాయి. జంబయ్య గాల్లోకి లేచి, అడ్డంగా తిరిగి, సీటు మీద కాక సీటు కింద పడ్డాడు.

"ఆపవయ్యా, ఆపు! అబ్బా, నా నడుం! ఇది బండా, రోకలి పోటా? ఏ దగుల్బాజీ అంటగట్టాడయ్యా నీకీ డొక్కుని!"

కోటప్ప బ్రేకు నొక్కాడు. వెనక్కి తిరిగి, ఉన్నమాట చెప్పాడు.

"ఇంకా అంటగట్టలేదు జంబన్నా. కొట్టు దాకా వెళ్ళాక కదా."

సరిగ్గా అప్పుడే ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ముల్లు అడుగున పడుకుంది. తెల్ల బండి వచ్చి పక్కన ఆగింది. గవరయ్య కిందికి దిగి డిక్కీ, చక్రాలు, ముల్లు అన్నీ చూశాడు.

"ముప్పై ఒకటన్నావు?"

"దిగేటప్పుడు," అన్నాడు జంబయ్య సీటు కిందనుంచి. తోక ఇంకా రాలేదు.

కోటప్పకు కోపం వచ్చింది. అమ్మను ఈ బండికి అప్పగించబోయినందుకు తన మీద తనకే ఎక్కువ కోపం వచ్చింది. ఎర్ర బండి తాళం జంబయ్య మీదికి విసిరేసి తన బండివైపు నడిచాడు. రెండడుగులు వేసి ఆగాడు. ఆరు మలుపుల ఎత్తు, తోక ఇరుక్కున్న నక్క. పుల్లమ్మ కిటికీలోంచి కొడుకును చూసింది.

"అమ్మా, నువ్వు గవరన్నతో వెళ్ళి పడుకో. వీణ్ణి ఇక్కడ వదిలేస్తే రోడ్డుకడ్డం."

తన బండి డిక్కీలో ఉన్న మోకు తీసి ఎర్ర బండి ముందు భాగానికి కట్టి, రెండో కొస మెడకు తగిలించుకున్నాడు. ఆరేళ్ళు గానుగ లాగిన మెడ అది. బండి కదిలింది. కుదుపు మాత్రం తగ్గలేదు. ప్రతి గుంటకూ లోపలనుంచి "అయ్యో", "అమ్మో" వినిపిస్తూనే ఉన్నాయి.

కొట్టు ముందు ఆదివారం కోతలరాయుళ్ళు మంగళవారమైనా పోగయ్యారు. గవరయ్య ముందే చేరి కథంతా చెప్పేశాడు. చెమటలు కక్కుతూ ఎద్దు, దాని వెనక ఎర్ర కారు, కారులో సీటు కింద నక్క వచ్చేసరికి అందరూ టీ గ్లాసులు పట్టుకునే లేచి నిలబడ్డారు.

గవరయ్యే అన్నాడు, "ఇదయ్యా అసలు హైబ్రిడ్. దిగడానికి ఇంజను, ఎక్కడానికి ఎద్దు."

ఆ రోజునుంచి జంబయ్య ఏ బండి బేరానికి వచ్చినా, నెమలికొండలో జంతువులు ముందు తలుపు వైపు పోవు. వెనక తలుపు తీసి, అతన్నే ముందుగా అందులో కూర్చోమంటాయి.

నీతి: బండి సుఖం నడిపేవాణ్ణి కాదు, వెనక కూర్చున్నవాణ్ణి అడగాలి.