ముక్కు పెట్టని బుట్టలు

అనగనగా ఒక అడవి. గద్దె మీద కూర్చునేది సింహమే. వానాకాలమంతా ఆ అడవికి తిండి పెట్టేది మాత్రం సోమలమ్మ అనే ఎలుగుబంటి. ఎండల్లో ఇప్పపూలు ఏరించి, ఆరబెట్టించి, బుట్టలకెత్తి గుహలో దాచేది.

ఒంటిచేత్తో మొదలుపెట్టిన పని కదా, ఆవిడకో పట్టుదల. ప్రతి బుట్టలో తనే ముక్కు పెట్టి వాసన చూడాలి. ఆ తరవాతే మూత. పది బుట్టలప్పుడు బాగానే సాగింది. బుట్టలు మూడొందలయ్యాయి. ముక్కు ఒక్కటే. ఒక ఏడాది, బుట్టలింకా వరసలో ఉండగానే వాన పడింది. సగం పూలు బూజు పట్టాయి. ఆ వానాకాలం జింకపిల్లలు పస్తులున్నాయి.

మరుసటేడు పూలు రాలకముందే సోమలమ్మ పైడమ్మ అనే గోరింకని పిలిపించింది. చీమల గాదెలూ కుందేళ్ళ గడ్డివాములూ చక్కబెట్టిన మనిషి ఆమె. అదే, పిట్ట.

"వారానికి రెండు పూటలే వస్తాను వదినా," అంది పైడమ్మ. "నాకు మిగతా ఇళ్ళూ ఉన్నాయి. కానీ ఆ రెండు పూటల్లో నేను చెప్పింది, మూడోనాడు నువ్వు చెరపకూడదు."

సోమలమ్మ సరేనంది. రాజుగారి కొలువులో ఉండే నక్క అది విని పడీ పడీ నవ్వింది. "రెండు పూటల పెత్తనమా అక్కా? మిగతా రోజులు బుట్టలకి దిక్కెవరు?"

పైడమ్మ మొదటి వారం ఆరు ఉడుతల్ని ఏరింది. రెండో వారం పచ్చిపువ్వు వాసనేదో, ఎండిన పువ్వు వాసనేదో వాటికి సోమలమ్మ చేతే నేర్పించింది. మూడో వారం ఒక్క వరసని ఆరు చేసింది, ఉడుతకొకటి. పచ్చివాసనొస్తే మళ్ళీ ఎండకి, లేకపోతే మూత, ఎవర్నీ అడగక్కర్లేదని చెప్పింది.

పైడమ్మ రాని రోజే మబ్బు కమ్మింది. సోమలమ్మ ముక్కు ఊరుకోలేదు. బుట్టల మీదికి వంగబోయింది. ముసలి ఉడుత ఒకటి తోకెత్తి అడ్డం నిలబడింది.

"నీ ముక్కు మాకిచ్చేశావు తల్లీ. ఇప్పుడు పక్కకి జరుగు."

సోమలమ్మ పంజా లేచింది. ఒక్క దెబ్బకి ఉడుత లేకుండా పోయేదే. పైడమ్మకిచ్చిన మాట గుర్తొచ్చింది. పంజా దించి, మూత పడిన బుట్టలు మోయడం మొదలుపెట్టింది. చినుకు పడేసరికి బయట ఒక్క బుట్ట లేదు.

వానల్లో నక్క తడుస్తూ వచ్చింది. రాజుగారు స్వయంగా చూడందే కొలువులోని తిండికొట్టు తలుపు తియ్యకూడదట, ఆయన గద్దె దిగేలోపే లోపలంతా కుళ్ళిపోయిందట.

సోమలమ్మ ఒక బుట్ట దాని ముందు పెట్టింది. "తిను. తిన్నాక ఒక మాట ఆలోచించు. మీ రాజు ఏడు రోజులూ గద్దె మీదే ఉన్నాడు. మా పైడమ్మ రెండు పూటలే వచ్చింది. ఎవరి పెత్తనం పెత్తనమో నీ పొట్టనే అడుగు."

నీతి: పని నీ ఒక్కరి చేతుల్ని దాటి పెరిగితే, తెలిసినవాళ్ళకి అప్పగించు. వాళ్ళు ఎన్ని పూటలు వచ్చారని లెక్కపెట్టకు, వాళ్ళ మాట సాగనిచ్చావా లేదా చూసుకో.