సున్నం ఎక్కువైన కిళ్ళీ

ఎవరు ఏ సందేహం అడిగినా అవధానిగారు ముందు తమలపాకుల పొట్లం విప్పేవారు. జవాబు ఆ తరవాతి మాట. ఒక్కోసారి అదీ ఉండేది కాదు.

ఒక వేసవిలో శిష్యుడు పేర్రాజు ఆయన్ని తణుకులోని తన పచ్చళ్ళ కార్ఖానాకు తీసుకువెళ్ళాడు. దాన్ని కూతురు సుభాషిణి పేర ఏనాడో రాసేశాడు. ఈమధ్య గుండెనొప్పితో ఆస్పత్రిపాలై తిరిగొచ్చాక మనిషికి బెంగ పట్టుకుంది.

"గురువుగారూ, నా తరవాత ఇది నిలుస్తుందా? పేరైతే మార్చాను గానీ, ఉప్పు చూసేది ఇప్పటికీ నేనే. 'సరిపోయిందా నాన్నా?' అంటుంది. నేను తలాడించందే ఒక్క జాడీ మూతికి వాసెన గుడ్డ కట్టరు" అన్నాడు. బాధగానే అన్నాడు గానీ, అందులో కాస్త మురిపెం కూడా లేకపోలేదు.

అవధానిగారు ఆకుకు సున్నం, ఎప్పటికంటే కాస్త ఎక్కువే, రాస్తూ "ఊఁ" అన్నారు.

ఆవేళ ఆవకాయ తిరగకలిపే రోజు. కలిపిన మూడోనాడు మళ్ళీ అడుగుదాకా కలియబెట్టి ఉప్పు చూడాలి. తక్కువైతే ఏడాది సరుకంతా బూజే. పనిచేసే ఆడవాళ్ళు తొట్టి కలియబెట్టి పిలిచే వేళకు అవధానిగారు ఇంత లావు కిళ్ళీ పేర్రాజు నోట్లో పెట్టారు. గురువు పెట్టింది ఉమ్మలేడు కదా, పాపం!

సుభాషిణి కాస్త అరచేతిలో వేసుకుని నాకింది. "సరిపోయిందా నాన్నా?" అంటూ తిరిగి చూసింది. ఆడవాళ్ళూ చూశారు. నాన్న బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. "ఊఁ... ఊఁ..." అన్నాడు పేర్రాజు. అది అవునో కాదో అతనికే తెలియాలి. లోపల మాత్రం ప్రాణం కొట్టుకుపోతోంది.

ఆమె ఇంకోసారి నాకి చూసింది. "చప్పగా ఉంది. ఇంకో దోసెడు ఉప్పు వెయ్యండి" అంది. వేసి కలిపారు. మళ్ళీ చూసి, జాడీలకెత్తి వాసెనలు కట్టెయ్యమంది. కట్టేస్తున్నారు!

పేర్రాజు పెరట్లోకి పరిగెత్తి, ఉమ్మేసి, నోరు పుక్కిలించి వచ్చి, చివరి జాడీలోంచి ఓ ముక్క నోట్లో వేసుకున్నాడు. సున్నానికి నాలిక పొక్కిపోయింది. ఉప్పో కారమో తెలిస్తే ఒట్టు. హడలిపోయి కూతురి వైపు తిరిగాడు.

"సరిపోయిందా అమ్మా?"

"సరిపోయింది నాన్నా" అని ఆమె ఆ జాడీకీ గుడ్డ బిగించింది.

బయటికొచ్చాక పేర్రాజు, "నేనడిగినదానికి మీరు జవాబే చెప్పలేదు" అన్నాడు ముద్దముద్దగా.

"నీ తరవాత ఏమవుతుందని కదూ అడిగావు?" అవధానిగారు పొట్లం చుట్టి సంచీలో వేసుకున్నారు. "ఇందాకటి నుంచీ జరిగింది అదేనయ్యా."