ఊరి నడుమ మేడ

పోలవీడు రాజు మాధవభూపతికి ఒక పొద్దున ఉన్నట్టుండి ఊరి నడుమ కాపురం పెట్టాలనిపించింది. కోటలో పొద్దుపోవడం లేదట. ఆ కోరిక దానంతట అది పుట్టలేదు. పుట్టించినవాడు రాణిగారి తమ్ముడు గుండమరాజు.

గుండమరాజు నాలుగు వీధుల కూడలిలో ఐదంతస్తుల మేడ కట్టించి, అంతస్తుకో కుటుంబం చొప్పున అమ్మకానికి పెట్టాడు. చావడిలో పన్నీరు చిమ్మే జలయంత్రం ఉంది. కొనేవాళ్ళు వచ్చినప్పుడు మాత్రమే చిమ్ముతుంది. గోడల నిండా అద్దాలు, ఎటు తిరిగినా గుండమరాజే కనబడేలా. పడకగదిలో మంచం వేస్తే తలుపు తెరుచుకోదు. ఆ గదికి ఏకాంతమందిరమని పేరు పెట్టాడు.

"గుమ్మం దిగితే పూలు, పళ్ళు, పట్టుబట్టలు. పిలిస్తే పల్లకి. ఊరంతా మీ కాళ్ళ దగ్గరే" అని కనబడ్డవాడికల్లా చెప్పేవాడు.

చిక్కల్లా ఒక్కటే. మేడ కిందనే కంచరివీధి. తెల్లారింది మొదలు బిందెల మీద సుత్తుల మోత. చూడవచ్చిన కలిగినవాళ్ళు చెవులు మూసుకుని దిగిపోయేవారు.

అందుకని గుండమరాజు బావగారి చెవిలో ఊదాడు. కంచరులనూ, పూలవాళ్ళనూ, అట్లు పోసేవాళ్ళనూ కోటగోడ అవతలి బీడుకు తోలేస్తే పై అంతస్తు బావగారికి కానుకగా ఇస్తానన్నాడు. రాజు సంతోషంగా తల ఊపాడు.

సంగతి తెలిసి కంచరి పెద్ద మల్లోజు సభకు వచ్చాడు. తాతల నాటి కొలుములని, బీడులో తాగే నీళ్ళు కూడా లేవని, పిల్లలు గలవాళ్ళమని చెప్పుకున్నాడు. గుండమరాజు అతనివైపు చూడనైనా చూడలేదు. మసి వాసన వస్తోందని ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. రాజు సింహాసనం మీద ఇబ్బందిగా కదిలాడు గాని, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేదు.

అప్పుడు మంత్రి బయ్యన లేచాడు. రాజుతో కూడా మొహమాటం లేకుండా మాట్లాడతాడని పేరున్నవాడు. అడ్డుపడతాడని అందరూ అనుకున్నారు. అతను మాత్రం గుండమరాజు చెప్పిందే సబబన్నాడు. బజారును రేపే తరలించే పని తనకు అప్పగించమని, ఆ మర్నాడే కొనేవాళ్ళను పిలిపించమని కోరాడు. బయ్యనకు ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చిందని గుండమరాజు మెచ్చుకున్నాడు.

సభ ముగిశాక బయ్యన మల్లోజును పక్కకు పిలిచాడు. కొలుములు కదపవద్దని, సుత్తులూ బిందెలూ పట్టుకెళితే చాలని చెప్పాడు. నీళ్ళబండ్లు తాను పంపిస్తానన్నాడు.

అనుకున్న రోజున రాజుతోపాటు వీరిసెట్టి అనే రత్నాల వర్తకుడూ, మరికొందరు సంపన్నులూ మేడకు వచ్చారు. జలయంత్రం పన్నీరు చిమ్మింది. చప్పుడన్నది లేదు. గుండమరాజు మీసం దువ్వుకున్నాడు.

మేడంతా ఎక్కి దిగేసరికి వీరిసెట్టికి దాహం వేసింది. మజ్జిగ అమ్మేవాళ్ళు లేరు. రాజు తాంబూలం అడిగాడు. తమలపాకులవాళ్ళు బీడులో ఉన్నారు. పోనీ ఇళ్ళకు పోదామంటే, అద్దె పల్లకీల బోయీలు కూడా బేరాలున్న చోటికే పోయారు.

"దీనికి అంత ఖరీదెందుకండీ?" అన్నాడు వీరిసెట్టి.

"ఊరి నడుమ కదా సెట్టిగారూ."

"ఊరేదీ?"

గుండమరాజు కిటికీలోంచి చెయ్యి చాపి చూపించాడు. కూడలిలో రెండు కుక్కలు కాళ్ళు బారజాపుకుని నిద్రపోతున్నాయి.

బయ్యన వాళ్ళందరినీ గోడ అవతలికి నడిపించుకుపోయాడు. అక్కడ సుత్తుల మోత, పూలవాళ్ళ కేకలు, అట్ల పొగ, కాలు పెట్టడానికి సందులేని జనం. రాజు చేతిలో అట్టు పడగానే ఏకాంతమందిరం సంగతి మరిచిపోయాడు. వీరిసెట్టి రెండు ముంతల మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, చుట్టూ చూసి, ఈ బీడులోనే తనకొక ఇంటి స్థలం ఇప్పించమని రాజును వేడుకున్నాడు. మిగతావాళ్ళు కూడా ముందుకు తోసుకొచ్చారు.

గుండమరాజు మొహం మాడిపోయింది. ఇది అన్యాయమని, ఊరి నడుమ ఉన్నది తన మేడేనని బావగారితో మొరపెట్టుకున్నాడు.

బయ్యన వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"తమరు మేడ ఒక్కటే కట్టారు దొరా. ఊరి నడుమను కట్టింది వీళ్ళు. తమరు పొమ్మంటే, దాన్ని కూడా వెంటబెట్టుకుని వచ్చేశారు."

రాజు నోట్లో అట్టు పొలమారేదాకా నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి బయ్యన మెడలో వేశాడు. బజారు తిరిగి కూడలికి రావాలని, అయితే గుండమరాజే స్వయంగా వెళ్ళి బతిమాలి పిలుచుకురావాలని ఆజ్ఞాపించాడు.

గుండమరాజు తలవంచుకుని మల్లోజు దగ్గరకు వెళ్ళాడు. ఎవరూ వినకుండా గొంతు తగ్గించి, మళ్ళీ మేడ కిందికి రమ్మని అడిగాడు.

మల్లోజు సుత్తి ఆపకుండానే తల ఎత్తాడు.

"కాస్త గట్టిగా సెలవివ్వండి దొరా. ఈ మోతలో వినబడలేదు."