చెంబెడు చన్నీళ్లు

బూడిదకోట రాజు ఒక రెక్కల మృగాన్ని పెంచేవాడు. దానికి మాంసం తుల్జమ్మ కుటుంబం నడిపే కొట్టు నుంచే వెళ్లేది. కరువొచ్చి మేకలు అయిపోయాక దాని మేతకు మనుషుల్ని పంపమని రాజు ఆజ్ఞ. తుల్జమ్మ పెద్దకొడుకు అలాగే పోయాడు. ఇప్పుడు చిన్నవాణ్ణి బండెక్కించారు.

ఆమె నీళ్ల చెంబు పట్టుకుని సభకు వెళ్లి, కొడుకుని బలవంతంగా తీసుకుపోతున్నారని మొరపెట్టుకుంది.

"బలవంతమేముంది? మెడ మీద కత్తి పెట్టి అడిగితే నీ కొడుకే తల ఊపాడు" అన్నాడు రాజు.

"మా కొట్లోనూ బలవంతం లేదు ప్రభూ. మేక నెత్తిన నీళ్లు పోస్తాం. అది ఒళ్లు విదిలిస్తే ఒప్పుకుందని కోస్తాం."

అంటూనే చెంబెడు చన్నీళ్లు రాజు నెత్తిన కుమ్మరించింది. రాజు గజగజ వణికాడు.

"ప్రభువు ఒప్పుకున్నారు" అంది తుల్జమ్మ సభ వైపు తిరిగి.

"నేను చలికి వణికాను."

"మావాడు భయానికి ఊపాడు. వణుకు ఒప్పుకోలైతే తమరు బండెక్కండి. కాకపోతే వాణ్ణి దించండి."

రాజు చాలాసేపు ముఖం తుడుచుకుని, బండి విప్పేయమన్నాడు.

చిన్నవాణ్ణి ఇంటికి తెచ్చుకున్నా తుల్జమ్మ మళ్లీ కొట్టు తెరవలేదు. పెద్దవాణ్ణి పంపినరోజు వాడికి తలారా నీళ్లు పోసింది తనే. వాడూ వణికాడు. ఒప్పుకున్నాడనుకుంది.