వల్లెదిబ్బ మహిమ

పూర్వం, అచ్చుపుస్తకాలు మన పల్లెలకు ఇంకా చేరని కాలంలో, పినాకినీ తీరాన గొర్రెల కాపరులు నివసించే ఒక గ్రామంలో నతానియేలు అనే ఉపదేశి ఉండేవాడు. రేవుపట్నపు దేవాలయంలోని మూలప్రతిని చూచి తాటియాకుల మీద స్వహస్తాలతో వ్రాసుకొన్న సువార్త గ్రంథం ఆయనకు ప్రాణసమానం. పరమ భక్తుడే గాని మహా అనుమానస్థుడు. గ్రంథాన్ని పరులు తాకితే ఆకులన్నీ మళ్లీ సరిచూచుకొనేవాడు.

ఒకప్పుడు ఆయన దీర్ఘజ్వరపీడితుడై చికిత్సకు రేవుపట్నం పోవలసివచ్చి, వేరే దారిలేక గ్రంథాన్ని లేయమ్మ అనే కాపరి వితంతువుకు అప్పగించాడు. ఆమెకు అక్షరం రాదు. రెండేళ్లకు స్వస్థుడై వచ్చి కట్టు విప్పి చూడగా, పండిపోయిన ఆకుల నడుమ ఒక్కటి మాత్రం కొత్తగా, పరాయి చేవ్రాతతో కనబడింది. తప్పిపోయిన గొర్రె ఉపమానం గల ఆకు అది. కాపరి తక్కిన తొంభైతొమ్మిది గొర్రెలను అడవిలో విడిచి వెళ్లాడని అందులో ఉన్నది. దొడ్డిలో భద్రంగా ఉంచి వెళ్లాడని కదా తాను ఇరవై ఏళ్లుగా బోధిస్తున్నది.

"ఈ ఆకు ఎక్కడిది?" అని అడిగాడు.

"ఇల్లు కురిసి పాతదాన్ని చెదలు తిన్నాయయ్యా. మీరు చదవగా విని మా ఆడవాళ్లం నోటికి పట్టుకున్నాం. ఊరి చివరి దిబ్బమీద కూర్చుని వల్లిస్తే పొరుగూరి వ్రాయసగాడు రాశాడు" అన్నది లేయమ్మ.

నతానియేలుకు నమ్మకం కలగలేదు. ఒక ఆకు మార్చినవారు తక్కినవి మార్చలేదని ఏమిటి రుజువు? అలా వల్లించిన ఏడుగురు స్త్రీలను వేరువేరుగా పిలిచి వల్లింపజేశాడు. ఏడుగురూ అడవి అనే అన్నారు. ముందే కూడబలుక్కున్నారని ఆయన అనుమానం మరింత ముదిరింది. ఆరాధనలో గ్రంథపఠనం మానివేశాడు. ఆయనను చూచి సంఘస్థులు కూడా లేయమ్మతో మాట్లాడడం తగ్గించారు. చెడిన గ్రంథాన్ని చదవడంకంటే అగ్నికి ఆహుతి చేయడమే మేలని నిశ్చయించుకొని, చివరిసారి రూఢి చేసుకోవడానికి ఆ ఆకును చేతబట్టి ఆరు రోజులు నడిచి రేవుపట్నం చేరాడు.

మూలప్రతిలోనూ అడవి అనే ఉన్నది. దానినీ ఎవరైనా దిద్దారేమోనని ఆ దేవాలయపు గురువుగారి ఇంటనున్న మరొక ప్రతిని తెప్పించి చూశాడు. అక్షరం తేడా లేదు. ఇక శంకించడానికి తాను తప్ప ఎవరూ మిగలలేదని గ్రహించి, ఆ ఆకును భద్రంగా చేతబట్టి ఊరిదారి పట్టాడు.

తిరిగివచ్చి సంఘమంతా చూస్తుండగా లేయమ్మకు చేతులు జోడించి, "ఇన్నేళ్లు నేను తప్పు చెబుతుంటే ఎందుకు ఊరుకున్నావమ్మా?" అన్నాడు.

"చదివేటప్పుడు సరిగ్గానే చదివేవారయ్యా. వివరించేటప్పుడే దొడ్డి అనేవారు. గొర్రెలు కాసేవాళ్లం, మందను అడవిలో వదలడం మాకూ మనసొప్పలేదు. కానీ మార్చడానికి అది మా మాట కాదు గదా" అన్నది ఆమె.

దైవం తన వాక్యాన్ని ఆ నిరక్షర కంఠాలలో కాపాడినందున నాటినుండి ఆ స్త్రీలు వల్లించిన దిబ్బకు వల్లెదిబ్బ అని పేరు వచ్చింది. ఏటేటా మాఘమాసపు మొదటి ఆదివారం నాడు స్త్రీలు అక్కడ కూర్చొని సువార్తను ఆద్యంతం వల్లిస్తారు. ఆ ఊరికి ఎంతటి పండితుడు బోధకుడుగా వచ్చినా, ఆనాడు మాత్రం దిబ్బ కింద నేలమీద కూర్చొని, తెరిచిన గ్రంథంలో వేలు పెట్టుకొని, మాట్లాడకుండా వినవలసిందే.