స్వామివారి మంచం కింది పెరుగు

బూచయ్య స్వామి మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక కునుకు తీసేవారు. ఆ గురకకి పెన్నలో పడవలు దారి తప్పేవి. శిష్యుడు గవరయ్య మాత్రం సరిగ్గా ఆ వేళకే చీపురు పట్టేవాడు. ఊడ్చిన వాకిలే ఊడ్చి ఊడ్చి నేలంతా దిగిపోయి, ఆశ్రమం అరుగు తాటిచెట్టంత ఎత్తున మిగిలింది. వచ్చిన భక్తులు నిచ్చెన వేసుకుని ఎక్కేవారు.

ఒకనాటి పొద్దున, పాపం, వాడు స్వామి కాళ్ల మీద పడ్డాడు. "ఒళ్లు హూనమైపోయింది స్వామీ. అయినా కాస్త నడుం వాల్చానంటే చాలు, ఎవరింటికో కన్నం వేసినట్టు గుండె దడదడలాడుతుంది. ఇది పోయే దారేదీ?"

స్వామి ఆవులించారు. "సాయంత్రం పక్క ఊరి వాళ్లు భోజనానికొస్తున్నారు. పాలు కాచి రెండు కుండల్లో తోడు పెట్టు. పెద్దదానికి నువ్వు కాపలా. చిన్నది నా మంచం కింద పెట్టు."

గవరయ్య తోడు పెట్టి, చిన్నది మంచం కిందికి తోసి, పెద్ద కుండకి ఎదురుగా కూర్చున్నాడు. కుండ ఊరికే కూర్చుంది. కాసేపటికి దాని తరఫున కూడా వీడికే సిగ్గేసింది. మూత తీసి చూశాడు. గరిటె పెట్టి కలిపాడు. ఎండలోకి జరిపాడు, నీడలోకి లాగాడు, పొయ్యి పక్కకి మోశాడు, మళ్లీ కలిపాడు. ఆ రోజు ఆ కుండ తిరిగిన తిరుగుడుకి కాశీ వెళ్లి రావచ్చు.

సాయంత్రం పంక్తిలో వడ్డిస్తే, ఆ పెరుగు విస్తట్లో పడీ పడగానే పరుగందుకుంది. పెద్దరైతు నారపరెడ్డి అన్నంతో గట్టు కట్టాడు. గట్టు తెగింది. పంక్తి చివర కూర్చున్న ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది.

"ఏమబ్బయ్యా, ఇవి పాలా, మజ్జిగా?"

"పె... పెరుగే రెడ్డిగారూ."

"పెరుగైతే మరి ఇంత తొందరగా ఎక్కడికి పోతోందయ్యా?"

పంక్తంతా గొల్లుమంది. గవరయ్య తల గోచీలోకి దిగిపోయింది. అప్పుడు స్వామి చిన్న కుండ తెప్పించి, అందరి ముందూ బోర్లించి పట్టుకున్నారు. చుక్క జారలేదు. ఆ పెరుగుని కత్తిపీటతో కోసి పంక్తి మొత్తానికీ తలో ముక్కా వేశారు.

"అవే పాలు, అదే తోడు! మీరేం చేశారు స్వామీ?" అన్నాడు గవరయ్య, ఏడుపు గొంతుతో.

"పడుకున్నాను."

మర్నాడు మధ్యాహ్నం గవరయ్య చాప పరిచాడు. పంటి బిగువున కళ్లు మూసుకున్నాడు. అవతల గురక మొదలైంది. ఇవతల వాడి చెయ్యి మెల్లగా చీపురు వైపు పాకింది.

గురక ఆగింది. స్వామి కళ్లు తెరవలేదు.

"ఒరే గవరయ్యా," అన్నారు, "కుండ కదులుతోంది."