మేకకి గడ్డం ఒక్కటే మిగిలింది

ఒకప్పుడు గొర్రె ఒంటి మీద వెంట్రుక అన్నదే ఉండేది కాదు. ఉడకబెట్టి తొక్క తీసిన చామగడ్డలా నున్నగా ఉండేది పాపం. లోకంలో ఉన్న ఉన్ని అంతా మేకదే. మెడ నుంచి గిట్టల దాకా నల్లగా, ఒత్తుగా వేలాడేది. మేక నడిస్తే దారి ఊడ్చినట్టు ఉండేది.

నమ్మరా? నమ్మకండి, నాకేం పోయింది! వెళ్లి మేకనే అడగండి. ఇప్పటికీ అదే ఏడుపు ఏడుస్తూ ఉంటుంది.

అంత ఉన్ని ఉన్నాక ఊరికే ఉండబుద్ధవుతుందా? పొద్దున లేస్తే చాలు, మేకగారు గుట్ట మీది బండెక్కి అందరికీ సలహాలు చెప్పేవారు. చీమకి నడక నేర్పేవారు. పిచ్చుకకి గూడు కట్టడం నేర్పేవారు. తాను ఏనాడూ గూడు కట్టిన పాపాన పోలేదు. అయితే ఏం? చెప్పడానికి కట్టాలా ఏమిటి?

ఆ గుట్ట కింద కొమురవ్వ అనే ముసలమ్మ మేకల్నీ గొర్రెల్నీ కాసుకుంటూ ఉండేది. ఆమెకి ఐలవ్వ అని ఒక్కతే కూతురు. మిరుగు కార్తె ఇంకో పది రోజులుందనగా, నెలలు నిండకుండానే ఐలవ్వకి ఆడపిల్ల పుట్టింది. మిరుగంటే తెలుసుగా, వానలు మొదలయ్యే రోజు.

పిల్ల ఎంతని? అవ్వ రెండు అరచేతుల్లో సరిపోయేంత. గట్టిగా ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఇంట్లో ఉన్న పాత చీరలన్నీ చుట్టినా కాళ్లు చల్లగానే ఉండేవి. ఎండల్లోనే ఇట్లా ఉంటే, తాటాకుల గుడిసెలోకి వాన జల్లు కొడితే ఏం కావాలి? పిల్ల దక్కదేమోనని కొమురవ్వకి ఒకటే భయం.

అప్పుడు ఆమె కంట ఒక మేకపిల్ల పడింది. అది తల్లి ఉన్నిలో దూరి, వెచ్చగా, హాయిగా నిద్రపోతోంది.

కొమురవ్వ కత్తెర పట్టుకుని బండ దగ్గరికి వెళ్లింది. "ఓ మేకా, నీ బొచ్చు ఇస్తవా? పసిగుడ్డుకు కప్పేటందుకు బట్ట నేస్త" అంది.

"బొచ్చు కాదు, ఉన్ని" అంది మేక. "ఇంతకీ ఈ పని ఎప్పుడైనా చేశావా?"

"లేదు. దూది ఏకిన, వడికిన. ఇది గూడ అట్లనే ఉంటది గద."

"అట్లనే ఉంటుందా! నా ఉన్నీ, దూదీ ఒకటేనా? సరే, అడిగావు కాబట్టి ఒక పక్క కత్తిరించుకో. నీ పనితనం చూసి రెండో పక్క సంగతి ఆలోచిస్తాను. గడ్డం జోలికి మాత్రం వచ్చావంటే ఊరుకోను. నా అందమంతా అందులోనే ఉంది."

కొమురవ్వ ఒక పక్క కత్తిరించింది. కత్తెర కదిలినంతసేపూ మేక నోరు కూడా కదులుతూనే ఉంది. "మెల్లగా! వంకరగా పోతోంది! నేనే చేసుకుంటే ఎంత బాగా చేసుకునేదాన్నో!"

తరవాత ముసలమ్మ కూర్చుని ఉన్నిలోని పల్లేరు కాయలన్నీ ఏరింది. వేళ్లకి ముళ్లు దిగాయి. "అవి ఉంటేనే ఉన్నికి బలం" అంది మేక.

జిడ్డు పోవాలని కొమురవ్వ ఉన్నిని వాగులో వేసి తొక్కడం మొదలుపెట్టింది. అక్కడే గడ్డి మేస్తున్న బోడిగొర్రె వచ్చి, ఎవరూ పిలవకుండానే నీళ్లలో దిగి తానూ నాలుగు కాళ్లతో తొక్కింది. "నీకు తగిన పని దొరికింది" అంది మేక ఒడ్డున నీడలో కూర్చుని.

ఉన్ని ఆరాక కొమురవ్వ వింటినారితో కొట్టి ఏకింది. మబ్బులా పొంగింది. కదురు తిప్పి వడికితే దారం సాగింది. కానీ పడుగు, అంటే నిలువు దారాలు, కట్టాలంటే రెండు గుంజలు కావాలి, ఉన్నది ఒక్కటే. గొర్రె వచ్చి రెండో గుంజ ఉండాల్సిన చోట నిలబడి, "నా మెడకి కట్టవ్వా" అంది.

"కదలొద్దు బిడ్డా" అంది కొమురవ్వ. గొర్రె కదల్లేదు. ఈగలు వాలినా కదల్లేదు. తల కిందకి వేసుకుని మూడు రోజులు అలాగే నిలబడింది.

"అబ్బా, ఎంత తెలివైన గుంజ!" అంది మేక.

మూడో రోజుకి గొంగడి సగం అయింది. దారం అయిపోయింది. ఆ సగం కప్పితే పిల్ల నడుము దాకా వచ్చింది, కాళ్లు బయటే ఉన్నాయి. పడమటి దిక్కున మబ్బు పట్టింది. కొమురవ్వ కత్తెర తీసుకుని మేక దగ్గరికి పరిగెత్తింది.

సరిగ్గా అప్పుడే మేక వాగులో నీళ్లు తాగబోయి తన ముఖం చూసుకుంది. ముఖంతో ఆగిందా? ఒళ్లు కూడా చూసుకుంది. ఒక పక్క మహారాణి. ఇంకో పక్క చామగడ్డ.

"నన్నేం చేశావే ముసలీ! నా ఉన్ని నాకు అతికించు!"

"అయ్యో, అతికిస్తె అతుకుతదా? వానకాలం పోయేసరికి మళ్ల పెరుగుతది. ఆ రెండో పక్క గూడ ఇయ్యి తల్లీ. పిల్ల కాళ్లు నీలంగైతున్నయి. నీ కాళ్లు మొక్కుత."

ముసలమ్మ నిజంగానే మేక గిట్టలు పట్టుకుంది. అది చూస్తే రాయైనా కరిగేది. మేక మాత్రం గిట్టలు విదిలించుకుని బండెక్కింది.

"ఇంకొక్క వెంట్రుక కూడా ఇవ్వను! నీకిచ్చే కంటే నా ఉన్ని అంతా ఊడి ఆ బోడిగొర్రెకి పోయినా నాకు సంతోషమే! ఓ వానా, నువ్వే సాక్షి!"

వాన అప్పుడే గుట్ట దాటి వస్తోంది. దానికి బోలెడు ఊళ్లు తిరిగే పని ఉంది. ఇద్దరి మధ్య తగువు తీర్చే తీరిక ఎక్కడిది?

"అంతేనా? మాట మీద ఉంటావా?" అని అడిగింది.

"ఉంటాను! మేక మాటంటే మాటే!"

"మంచిది" అంది వాన.

ఒక్కసారి గాలి వీచింది. మేక ఒంటి మీది ఉన్ని అంతా గుప్పున లేచి, బండ దిగి వెళ్లి గొర్రెని చుట్టేసుకుంది. గడ్డం ఒక్కటి మిగిలింది. దాని జోలికి రావద్దని మేక అన్న మాట గాలి ముందే వానకి చేరవేసింది.

గొర్రె తన ఒంటి వైపు తాను వింతగా చూసుకుంది. వెంటనే వెళ్లి కొమురవ్వ ఎదుట మెడ వంచింది. ఆమె ఇంకా నోరు తెరిచి అడగనేలేదు.

కొమురవ్వకి కళ్లనీళ్లు ఆగలేదు. గొర్రెని గుడిసెలోకి తెచ్చి ఒక పక్క మాత్రమే కత్తిరించింది. ఏకడం, వడకడం, నేయడం అయ్యేదాకా ఇంకా మూడు రోజులు కావాలి కదా. ఆ మూడు రోజులూ పిల్లని గొర్రె రెండో పక్కన, ఉన్నిలో పడుకోబెట్టింది. ఒక పక్క ఉన్ని లేకుండా ఎలా ఉన్నానో వాగులో చూసుకుందామని గొర్రెకి తోచనే లేదు. దానికి మేకంత తెలివి ఎక్కడిది!

రెండో రోజు పొద్దున పిల్ల కాళ్లు వెచ్చబడ్డాయి. ఆకలేసి, గుడిసె ఎగిరిపోయేలా కేకపెట్టింది. పుట్టిన తరవాత అంత గట్టిగా ఏడవడం అదే మొదటిసారి. ఐలవ్వ నవ్వుతూ ఏడ్చింది.

మరి మేకగారో? మొదటి చినుకు వీపు మీద పడగానే ఎగిరి గంతేశారు. రెండో చినుకుకి బండ దిగారు. మూడోది పడేలోపు గుడిసె గుమ్మంలో ఉన్నారు.

కొమురవ్వ తలెత్తి చూసింది. తిట్టాలనే అనుకుంది. కానీ మేక ఎముకలు కొట్టుకునేలా వణుకుతోంది. "రా, మహారాణీ" అని పక్కకి జరిగి చోటిచ్చింది.

మేక లోపలికొచ్చి, ఒళ్లు దులుపుకుని, సగం నేసిన గొంగడి వైపు చూసింది. గడ్డం ఊపింది. "ఆ అంచు వంకరగా ఉంది" అంది.

అప్పటినుంచే మేకకి ఒంటి మీద ఉన్ని లేదు, గడ్డం ఒక్కటే ఉంది. అప్పటినుంచే చినుకు రాలితే చాలు మేక ఏ పని ఉన్నా వదిలేసి చూరు కిందకి పరిగెడుతుంది, గొర్రె మాత్రం తల కిందకి వేసుకుని కదలకుండా తడుస్తూ నిలబడుతుంది. గొర్రెకి ఉన్ని కత్తిరించే రోజున మీరూ వెళ్లి చూడండి. పక్కనే ఒక మేక నిలబడి గడ్డం ఊపుతూ ఉంటుంది. పని ఎలా చెయ్యాలో ఇప్పటికీ చెబుతూనే ఉంది.